కంప్యూటర్ సందేహాలు: సీడీకీ, పెన్‌డ్రైవ్‌కీ ఒక్క ఫైలే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయాక పాత సిస్టమ్‌లలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూద్దామనే వాళ్ళు పెరిగారు. వాళ్ళంతా ఆగిపోయేది కూడా ఒకే చోట, డౌన్‌లోడ్ అయిన ఐఎస్‌ఓ ఫైల్‌ను (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన నకలు, దీన్నే ఇమేజ్ అని కూడా అంటారు) ఇప్పుడేం చేయాలి అని. అందుకే వేరే ప్రశ్నలు పక్కన పెట్టి ఈ వారం వీటికే చోటిస్తున్నాను. ప్రింటర్ ఉత్తరాల వాళ్ళు ఒక్క వారం ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, మా హైస్కూల్ ల్యాబ్‌లో కొన్ని పాత సిస్టమ్‌లు ఉన్నాయి, వాటికి డీవీడీ డ్రైవ్ ఉంది గానీ పెన్‌డ్రైవ్ పెడితే బూట్ కావడం లేదు. కొన్ని దాతలు ఇచ్చినవి, వాటికి డీవీడీ డ్రైవే లేదు. డెబియన్ అనే లినక్స్ రకం వెబ్‌సైట్‌లో సీడీ, డీవీడీ ఇమేజ్‌లు అని ఉన్నాయే తప్ప పెన్‌డ్రైవ్ ఫైల్ అని వేరే కనిపించలేదు. సీడీ ఫైల్‌ను పెన్‌డ్రైవ్ ఫైల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పగలరా? స్కూల్లో నెట్ అంతంతమాత్రమే. - ఒక ఉపాధ్యాయుడు, గుత్తి

జవాబు: మాస్టారూ, మార్చాల్సిన పనే లేదు, మారిస్తేనే చెడుతుంది. ఆ ఫైల్ ఇప్పటికే రెండింటికీ పనికొచ్చేలా తయారై ఉంది. మామూలు పీసీల కోసం డెబియన్ ఇచ్చే ఇమేజ్‌లన్నీ 2011లో వచ్చిన డెబియన్ 6 నుంచే ఇలా ఉన్నాయి. ఉబుంటు, ఫెడోరా, మింట్ అనే మిగతా లినక్స్ రకాలు కూడా అంతే. వీటిని ఐసోహైబ్రిడ్ ఇమేజ్‌లు అంటారు.

ఇదెలా కుదిరిందో కాస్త చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే కింద మిగతా వాళ్ళు అడిగిన సగం ప్రశ్నలు వాటంతట అవే తేలిపోతాయి. సీడీ నుంచి బూట్ చేసేటప్పుడు, అంటే ఆన్ చేయగానే దాన్నుంచి మొదలయ్యేటప్పుడు, కంప్యూటర్ చూసే చోటు వేరు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసేటప్పుడు చూసే చోటు వేరు. సీడీని 2048 బైట్ల ముక్కలుగా చదువుతారు, ఒక్కో ముక్కను సెక్టార్ అంటారు. సీడీలో ఫైళ్ళు ఎలా సర్దాలో చెప్పే ఐఎస్‌ఓ 9660 ప్రమాణం 1988 నాటిది. అందులో మొదటి 16 సెక్టార్లు, అంటే 32,768 బైట్లు, సీడీ ఫైల్ సిస్టమ్ వాడుకోదు, ఏ సిస్టమ్‌కు ఎలా కావాలంటే అలా వాడుకోండని ఖాళీగా వదిలేశారు. అసలు సమాచారం సున్నా నుంచి లెక్కపెడితే 16వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. తర్వాత 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు కలిసి సీడీ నుంచి బూట్ చేసే పద్ధతి ఒకటి రాశాయి, దాని పేరు ఎల్ టొరిటో. ఆ పద్ధతిలో బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) నేరుగా 17వ సెక్టార్‌కు వెళ్తుంది, అక్కడ ఒక చిన్న చిరునామా ఉంటుంది, ఆ చిరునామాలో బూట్ కేటలాగ్ ఉంటుంది, ఆ కేటలాగ్ చూసి ఏ ప్రోగ్రామ్‌ను నడపాలో తెలుసుకుంటుంది. మొదటి 16 సెక్టార్లలో ఏముందో బయోస్ పట్టించుకోదు.

పెన్‌డ్రైవ్ దగ్గర కథ వేరు. దాన్ని బయోస్ హార్డ్ డిస్క్‌లాగే చూస్తుంది. మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది, దాన్నే ఎంబీఆర్ అంటారు. అందులో 446 బైట్ల ప్రోగ్రామ్, డిస్క్‌ను ఏ భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టారో చెప్పే 64 బైట్ల పట్టిక, అంటే పార్టిషన్ పట్టిక, చివర్లో 55 ఏఏ అనే రెండు బైట్ల గుర్తు ఉండాలి. ఆ గుర్తు లేకపోతే ఇది బూట్ అయ్యే డిస్క్ కాదని చాలా బయోస్‌లు వదిలేసి పోతాయి. ఎల్ టొరిటో అనేది ఒకటుందని పెన్‌డ్రైవ్ వైపు నుంచి వచ్చినప్పుడు దానికి తెలియదు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సీడీ వైపు వాళ్ళు వాడకుండా వదిలేసిన ఆ 32 కేబీలోనే పెన్‌డ్రైవ్ వైపు వాళ్ళకు కావాల్సిన 512 బైట్ల చోటు ఉంది. అక్కడ ఒక ఎంబీఆర్ రాసి పెడితే సీడీకి ఏ నష్టమూ లేదు, పెన్‌డ్రైవ్‌కు కావాల్సింది దొరుకుతుంది. 2008లో సిస్‌లినక్స్ అనే బూట్‌లోడర్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) ఈ సదుపాయం వచ్చింది, దాన్ని రాసింది హెచ్. పీటర్ ఆన్విన్. మన అనంతపురం నుంచి బళ్ళారి పోయే బస్సుకు తెలుగు బోర్డు, కన్నడ బోర్డు రెండూ ఉన్నట్టు, ఎవరి బోర్డు వాళ్ళు చదువుకుని ఎక్కుతారు, బస్సు మాత్రం ఒకటే. ఇన్‌స్టాలర్ ఫైళ్ళు రెండు సార్లు పెట్టాల్సిన పని లేదు కాబట్టి ఇమేజ్ సైజు కూడా దాదాపు పెరగదు.

కొత్త సిస్టమ్‌లలో బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ ఉంటుంది, దానికి ఎంబీఆర్‌లోని ప్రోగ్రామ్‌తో పని లేదు. అది ఫ్యాట్ అనే పాత, సులువైన ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్ కోసం వెతికి, అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, ఆ లోపల బూట్ఎక్స్64 అనే ఫైల్ ఉంటే దాన్ని నడుపుతుంది. అందుకని ఐఎస్‌ఓ లోపల కొన్ని ఎంబీల చిన్న ఫ్యాట్ ఇమేజ్ ఒకటి దాచి పెడతారు. సీడీ కోసం ఎల్ టొరిటో కేటలాగ్‌లో ఈఎఫ్ రకం అని ఇంకో ఎంట్రీ వేసి దాన్ని చూపిస్తారు, పెన్‌డ్రైవ్ కోసం పార్టిషన్ పట్టికలో ఇంకో వరస వేసి అదే ఫ్యాట్ ఇమేజ్‌ను చూపిస్తారు. అంటే పాత బయోస్, కొత్త యూఈఎఫ్‌ఐ, సీడీ, పెన్‌డ్రైవ్, ఎటు నుంచి వచ్చినా దారి ఉంటుంది.

ఇక మీ ల్యాబ్ సంగతి. నెట్ సరిగా లేదన్నారు కాబట్టి నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఇమేజ్ వద్దు, అది డెస్క్‌టాప్ మొత్తం నెట్ నుంచే లాక్కుంటుంది. డీవీడీ-1 అనే ఇమేజ్ తీసుకోండి, 4.7 జీబీ డీవీడీలో పట్టేలా చేసిందే, నెట్ లేకపోయినా డెస్క్‌టాప్ దాకా ఎక్కుతుంది. పాత సిస్టమ్‌లలో 32 బిట్ ప్రాసెసర్లు ఉంటే డెబియన్ 12 దగ్గరే ఆగండి, ఎందుకంటే 2025లో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ తీసేశారు. కోర్ టూ డ్యూయో అయితే 64 బిట్‌దే వేయొచ్చు. ర్యామ్ 2 జీబీ ఉంటే ఏ డెస్క్‌టాప్ కావాలని అడిగినప్పుడు బరువైన గ్నోమ్ కాకుండా తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈకి టిక్ పెట్టండి.

డీవీడీకి రాసేటప్పుడు ఐఎస్‌ఓ ఫైల్‌ను డీవీడీలోకి కాపీ పేస్ట్ చేయకండి. చాలామంది చేసేది అదే. డీవీడీ తెరిస్తే లోపల ఐఎస్‌ఓ అనే ఒకే ఒక్క ఫైల్ కనిపిస్తే అది తప్పు, ఫోల్డర్లు కనిపించాలి. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే 'బర్న్ డిస్క్ ఇమేజ్' అని వస్తుంది, అది నొక్కి, రాశాక సరిచూడమనే టిక్ పెట్టండి. పెన్‌డ్రైవ్‌కు రాయడానికి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఐసోహైబ్రిడ్ ఇమేజ్ ఇస్తే అదే అడుగుతుంది, ఐఎస్‌ఓ మోడా డీడీ మోడా అని. డీడీ అనండి. అప్పుడు ఇమేజ్‌లోని బైట్లు ఉన్నవి ఉన్నట్టు మొదటి బైట్ నుంచి పెన్‌డ్రైవ్ మీద పడతాయి. అందులో ముందున్నవన్నీ పోతాయి, మార్కుల లిస్టులు గట్రా ఉంటే తీసి పెట్టుకోండి.

ఇంకో మాట, ఆ పాత సిస్టమ్‌లు నిజంగానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావా అని ఒకసారి చూడండి. చాలా పాత బయోస్‌లలో పెన్‌డ్రైవ్ బూట్ లిస్టులో విడిగా కనిపించదు, 'హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీ' అనే లోపలి లిస్టులో హార్డ్ డిస్క్ కింద దాక్కుని ఉంటుంది, అది కూడా సిస్టమ్ ఆన్ చేయక ముందే పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటేనే. దాన్ని పైకి జరిపితే పని అయిపోతుంది. ఇప్పుడు ఖాళీ డీవీడీలు దొరకడమే కష్టం, పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోల దగ్గర అడిగి చూడండి, వాళ్ళ దగ్గర మిగిలినవి ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: అన్నా, చాలా టెన్షన్‌గా ఉంది. లినక్స్ ఐఎస్‌ఓను డీడీ మోడ్‌లో పెన్‌డ్రైవ్‌కు రాశాను. ఇన్‌స్టాల్ బాగానే అయింది. తర్వాత విండోస్ సిస్టమ్‌లో పెడితే 16 జీబీ పెన్‌డ్రైవ్ కాస్తా కొన్ని ఎంబీలే చూపిస్తోంది, ఇంకో డ్రైవ్ అక్షరం కూడా వచ్చి 'ఫార్మాట్ చేయాలి' అంటోంది. పెన్‌డ్రైవ్ మా అక్కది. పోయినట్టేనా? - ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: పోలేదమ్మా, అక్కకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. పైన గుత్తి మాస్టారికి చెప్పిన చిన్న ఫ్యాట్ ఇమేజ్ గుర్తుందా, విండోస్‌కు కనిపిస్తున్న ఆ కొన్ని ఎంబీలు అదే. మిగతా భాగంలో ఉన్నది పార్టిషన్ రూపంలో కూర్చోబెట్టిన సీడీ ఫైల్ సిస్టమ్, విండోస్ దాన్ని అక్కడ గుర్తుపట్టదు, అందుకే ఫార్మాట్ చేయమంటుంది. ఆ పైన మిగిలిన జీబీలు ఏ పార్టిషన్‌లోనూ లేవు కాబట్టి అసలు కనిపించవు.

రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొడితే సైజు వెనక్కి రాదు, ఆ చిన్న ముక్కే ఫార్మాట్ అవుతుంది. పార్టిషన్ పట్టికనే తుడిచేయాలి. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్ అని టైప్ చేయి, తర్వాత లిస్ట్ డిస్క్ అంటే డిస్కులన్నీ సైజులతో సహా వస్తాయి. ఇక్కడ నిదానంగా చూడు. 14 లేదా 15 జీబీ దగ్గర చూపించేదే నీ పెన్‌డ్రైవ్, వందల జీబీలు ఉన్నది సిస్టమ్ హార్డ్ డిస్క్. సెలెక్ట్ డిస్క్ అని పెన్‌డ్రైవ్ నంబర్ ఇచ్చి, మళ్ళీ ఒకసారి లిస్ట్ డిస్క్ కొట్టు, ఎంచుకున్న దాని పక్కన నక్షత్రం గుర్తు వస్తుంది. అది పెన్‌డ్రైవ్ పక్కనే ఉందని చూసుకున్నాకే క్లీన్ అని కొట్టాలి, ఎందుకంటే క్లీన్ 'ఖాయమా?' అని అడగదు. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి కొత్త వాల్యూమ్ చేసుకుంటే 16 జీబీ మొత్తం వచ్చేస్తుంది. కంపెనీ లెక్కలో 16, విండోస్ లెక్కలో 14.9 చిల్లర, అది మామూలే.

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా ల్యాబ్ కోసం డెబియన్ ఐఎస్‌ఓను విప్పి, ప్రశ్నలు అడగకుండా తానే ఇన్‌స్టాల్ అయ్యేలా ప్రీసీడ్ ఫైల్ కలిపి, జెన్‌ఐఎస్‌ఓఇమేజ్ అనే కమాండ్‌తో మళ్ళీ ఐఎస్‌ఓ చేశాను. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అద్భుతంగా బూట్ అవుతోంది. పెన్‌డ్రైవ్‌కు రాస్తే మాత్రం ఒక సిస్టమ్‌లో నల్ల స్క్రీన్ మీద కర్సర్, ఇంకో దాంట్లో అసలు బూట్ మెనూలోనే లేదు. సార్లను అడిగితే పెన్‌డ్రైవ్ పాడైందన్నారు. - ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: పెన్‌డ్రైవ్ బాగుంది తమ్ముడూ. నువ్వు విప్పింది ఐఎస్‌ఓ లోపలి ఫైళ్ళను. ఎంబీఆర్ ఫైల్ కాదు కదా, అది ఏ ఫోల్డర్‌లోనూ ఉండదు, ఆ మొదటి 32 కేబీలో ఉంటుంది. ఫైళ్ళు కాపీ చేసుకున్నప్పుడు అది వెనకే ఉండిపోయింది. జెన్‌ఐఎస్‌ఓఇమేజ్‌కు నువ్వు ఐసోలినక్స్ (సిస్‌లినక్స్‌లో సీడీ కోసం ఉన్న బూట్‌లోడర్) ఫైల్ చూపించావు కాబట్టి ఎల్ టొరిటో ఒకటి తయారుచేసి ఇచ్చింది, అది సీడీ దారి. వర్చువల్‌బాక్స్‌లో ఐఎస్‌ఓను తగిలిస్తే అది సీడీగానే తగులుతుంది, అంటే నువ్వు పరీక్షించింది ఆ ఒక్క దారినే.

త్వరగా తేలాలంటే, తయారైన ఐఎస్‌ఓ మీద ఐసోహైబ్రిడ్ అనే కమాండ్ నడుపు, డెబియన్‌లో సిస్‌లినక్స్-యుటిల్స్ ప్యాకేజీలో ఉంటుంది. అది ఎంబీఆర్ రాసి, పార్టిషన్ పట్టికలో ఒక వరస వేసి, ఇమేజ్ సైజును పూర్తి ఎంబీలకు సర్దుతుంది. పాత బయోస్ సిస్టమ్‌లకు ఇది చాలు. కానీ యూఈఎఫ్‌ఐ సిస్టమ్‌లు కూడా ఉన్నాయంటే నా ఓటు జెన్‌ఐఎస్‌ఓఇమేజ్‌ను పూర్తిగా వదిలేసి, ఐఎస్‌ఓలు తయారుచేసే గ్జోరిసో అనే ఇంకో ప్రోగ్రామ్ పట్టుకోవడానికే. దాని వెనకున్నది థామస్ ష్మిట్, గ్రబ్ అనే ఇంకో బూట్‌లోడర్ వాళ్ళ రెస్క్యూ ఇమేజ్ తయారుచేసే కమాండ్ కూడా లోపల దీన్నే పిలుస్తుంది. దీనికి ఎంకేఐసోఎఫ్‌ఎస్‌లా (జెన్‌ఐఎస్‌ఓఇమేజ్‌కు మూలమైన పాత కమాండ్) నటించే పద్ధతి ఒకటుంది కాబట్టి నువ్వు రాసుకున్న పాత ఆప్షన్లు చాలావరకు అలాగే పనిచేస్తాయి. అదనంగా మూడు విషయాలు చెప్పాలి. ఐసోలినక్స్ ప్యాకేజీతో వచ్చే ఎంబీఆర్ టెంప్లేట్ ఫైల్‌ను ఐసోహైబ్రిడ్-ఎంబీఆర్ అనే ఆప్షన్‌కు ఇవ్వాలి, ఇది పెన్‌డ్రైవ్ బయోస్ దారి. తర్వాత ఎల్‌టొరిటో-ఆల్ట్-బూట్ అని రెండో ఎంట్రీ మొదలుపెట్టి ఈఎఫ్‌ఐ ఫ్యాట్ ఇమేజ్‌ను చూపించాలి, డెబియన్‌లో అది బూట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫోల్డర్ కింద ఉంటుంది, ఇది సీడీ యూఈఎఫ్‌ఐ దారి. చివర్లో ఐసోహైబ్రిడ్-జీపీటీ-బేస్‌డాట్ అనే ఆప్షన్ చేరిస్తే అదే ఫ్యాట్ ఇమేజ్ పార్టిషన్‌గా కూడా కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐ దారి కూడా తెరుచుకుంటుంది.

నీ కమాండ్‌లో బూట్-లోడ్-సైజ్ 4, బూట్-ఇన్ఫో-టేబుల్ అని ఉండే ఉంటాయి, ఎక్కడి నుంచో కాపీ చేసుకుని ఉంటావు, తప్పేం లేదు, అందరం అలాగే మొదలుపెడతాం. మొదటిది బయోస్‌ను 512 బైట్ల లెక్కన నాలుగు ముక్కలు, అంటే ఒక సీడీ సెక్టార్ మాత్రం లోడ్ చేయమంటుంది, మిగతాది ఐసోలినక్స్ తానే చదువుకుంటుంది. రెండోది ఐసోలినక్స్ ఫైల్ లోపలే, 8వ బైట్ దగ్గర నుంచి, నువ్వు సీడీలో ఫలానా చోట ఉన్నావు అని రాసి పెడుతుంది. అంటే ఇమేజ్ తయారయ్యేటప్పుడు ఆ ఫైల్ మారుతుంది. ఐఎస్‌ఓ నుంచి కాపీ చేసిన ఫైళ్ళకు రీడ్ ఓన్లీ పర్మిషన్లే వస్తాయి కాబట్టి ఇక్కడ ఎర్రర్ వస్తే ముందు ఆ ఫైల్‌కు రాసే పర్మిషన్ ఇవ్వు. ఎంబీఆర్ ప్రోగ్రామ్‌లో కూడా ఐసోలినక్స్ ఫైల్ ఎక్కడుందో సెక్టార్ నంబర్ చెక్కి ఉంటుంది. అందుకే ఒరిజినల్ ఐఎస్‌ఓ నుంచి మొదటి 512 బైట్లు కోసుకొచ్చి నీ ఐఎస్‌ఓ ముందు అంటిస్తే పనిచేయదు, పాత నంబర్‌తో వెతికి కర్సర్ మిటకరిస్తూ నిలబడిపోతుంది.

అసలు ఇదంతా వద్దు, ఒక ప్రీసీడ్ ఫైలే కలపాలి అనుకుంటే గ్జోరిసోతోనే ఒరిజినల్ ఐఎస్‌ఓను తెరిచి, ఫైల్ కలిపి, బూట్-ఇమేజ్ ఎనీ రీప్లే అని చెప్తే పాత ఇమేజ్‌లో బూట్ ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూసుకుని కొత్త దానికి తగ్గట్టు తానే మళ్ళీ పెడుతుంది. నీ పనికి ఇదే సరిపోతుంది అనిపిస్తుంది నాకు.

పరీక్ష మాత్రం నాలుగు రకాలుగా చెయ్. వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన క్యూఈఎంయూలో ఐఎస్‌ఓను సీడీరామ్ అని తగిలిస్తే సీడీ దారి, అదే ఫైల్‌ను హార్డ్ డిస్క్‌గా, రా ఫార్మాట్‌లో తగిలిస్తే పెన్‌డ్రైవ్ దారి. ఈ రెండింటినీ మామూలు బయోస్‌తో ఒకసారి, ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్‌ఐతో ఒకసారి. పెన్‌డ్రైవ్ చేతికి తీసుకోక ముందే ఎఫ్‌డిస్క్ అనే కమాండ్‌కు ఐఎస్‌ఓ ఫైల్‌నే ఇచ్చి పార్టిషన్ల లిస్ట్ అడుగు. నీ ఇప్పటి ఇమేజ్‌కు ఏమీ చూపించదు, ఒరిజినల్ డెబియన్ ఇమేజ్‌కు పార్టిషన్లు చూపిస్తుంది, అందులో ఒకటి ఈఎఫ్‌ఐ అని ఉంటుంది. సార్లకు ఆ రెండూ పక్కపక్కన చూపించు, వాదన అక్కర్లేదు.

ప్రశ్న: సార్, మాది ఆదోనిలో డీటీపీ షాపు. లినక్స్ ఐఎస్‌ఓను డీడీ పద్ధతిలో రాస్తే బూట్ అయింది. అదే పద్ధతిలో మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ 11 ఐఎస్‌ఓ రాస్తే బూట్ కాలేదు. ఫైల్ పాడైందేమో అని మళ్ళీ డౌన్‌లోడ్ చేశాను, అదే తంతు. - ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: డేటా ప్యాక్ దండగ అయింది గానీ ఫైల్ తప్పు కాదు. విండోస్ ఐఎస్‌ఓ హైబ్రిడ్ కాదు. దానికి ఎల్ టొరిటో ఉంది కాబట్టి డీవీడీగా బూట్ అవుతుంది, వర్చువల్ మెషీన్‌లో అవుతుంది. మొదటి 32 కేబీలో ఎంబీఆర్ లేదు, పార్టిషన్ పట్టిక లేదు, ఫైళ్ళేమో యూడీఎఫ్ అనే డీవీడీ ఫైల్ సిస్టమ్‌లో ఉంటాయి. బైట్ బైట్ రాస్తే పెన్‌డ్రైవ్ మీద దిక్కులేని డీవీడీ ఒకటి తయారవుతుంది. దానికి పద్ధతి వేరు, పెన్‌డ్రైవ్ మీద పార్టిషన్ చేసి, అందులోకి ఫైళ్ళు కాపీ చేయాలి.

అందులోనూ ఒక మెలిక ఉంది. అన్ని యూఈఎఫ్‌ఐలూ కచ్చితంగా చదివేది ఫ్యాట్32. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. విండోస్ ఇమేజ్‌లో సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైల్ ఇప్పుడు చాలా ఇమేజ్‌లలో 4 జీబీ దాటుతోంది, మామూలుగా కాపీ చేస్తుంటే అక్కడే ఆగిపోతుంది. రూఫస్ ఏం చేస్తుందంటే పెద్ద పార్టిషన్‌ను విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టి, పక్కన ఇంకో చిన్న పార్టిషన్ పెట్టి దాన్నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదివిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్ అయితే ఆ ఫైల్‌ను ఎక్కువ కుదించి ఇన్‌స్టాల్ డాట్ ఈఎస్‌డీగా ఇస్తుంది, సైజు తగ్గుతుంది. చేతనైన వాళ్ళు డిస్మ్ కమాండ్‌తో విమ్‌ను ముక్కలు కూడా చేసుకోవచ్చు. మీకు రూఫస్ చాలు, ఐఎస్‌ఓ ఇస్తే విండోస్‌దని అదే పోల్చుకుంటుంది, డీడీ అనే ప్రశ్నే అడగదు.

అయితే డీటీపీ షాపు అన్నారు కాబట్టి ఒక మాట. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్న పాత సిస్టమ్‌ను మాత్రం కదిలించకండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో కార్డులన్నీ దాని మీదే కదా.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌కు రాశాక అది సరిగ్గా పడిందో లేదో చూడటం ఎలా? లినక్స్‌లో డీడీ కమాండ్ వాడాలంటే భయంగా ఉంది, ఒక స్నేహితుడి హార్డ్ డిస్క్ దాంతోనే పోయింది. - ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: భయం ఉండటం మంచిదే. డీడీ అడగదు, ఆగదు. ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టి సైజు, మోడల్ చూసి పెన్‌డ్రైవ్ పేరు ఖాయం చేసుకోండి, పెన్‌డ్రైవ్ తీసేసి ఇంకోసారి కొట్టి ఏది మాయమైందో చూస్తే సందేహమే ఉండదు. ఎస్‌డీబీ అయితే ఎస్‌డీబీకే రాయాలి, ఎస్‌డీబీ1కు కాదు. చివర ఒకటి పెడితే ఎంబీఆర్ పెన్‌డ్రైవ్ మొదట్లో కాకుండా మొదటి పార్టిషన్ లోపల పడుతుంది, బయోస్ అక్కడ చూడదు. రాసేటప్పుడు కన్వ్=ఎఫ్‌సింక్ అని చేర్చండి, లేకపోతే కమాండ్ అయిపోయినట్టు చూపించినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది, అప్పుడు పీకేస్తే సగం ఇమేజే మిగులుతుంది.

సరిచూడటం రెండు చోట్ల. డౌన్‌లోడ్ అయిన ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌ను (ఫైల్‌లోని బైట్లన్నిటి నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య) వెబ్‌సైట్‌లో ఇచ్చిన దాంతో పోల్చాలి, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో వస్తుంది. రాశాక పెన్‌డ్రైవ్‌ను ఐఎస్‌ఓతో పోల్చేటప్పుడు ఐఎస్‌ఓ ఎన్ని బైట్లుంటే అన్ని బైట్లే పోల్చమనండి, పెన్‌డ్రైవ్ అంతటికీ చెక్‌సమ్ తీస్తే ఎలాగూ కలవదు. ఈ పోలిక పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లో పెట్టక ముందే చేయాలి. విండోస్ ఆ చిన్న ఫ్యాట్ పార్టిషన్ చూడగానే అందులో తన సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ ఒకటి పెట్టుకుంటుంది, బూట్‌కు ఏమీ కాదు గానీ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఫెడోరా ఐఎస్‌ఓ ఒక సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాను. మెనూ వస్తోంది, కెర్నల్ లోడ్ అవుతోంది, తర్వాత చాలాసేపు ఆగి ఏదో షెల్‌లో పడేస్తోంది. అదే ఐఎస్‌ఓ డీవీడీలో బాగుంది. - ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆ సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌ను ఉన్నది ఉన్నట్టు రాయకుండా పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 చేసి ఫైళ్ళు కాపీ చేసి ఉంటుంది. ఫెడోరా లైవ్ ఇమేజ్ బూట్ అయ్యాక తన మిగతా భాగాన్ని వాల్యూమ్ లేబుల్ (డిస్క్‌కు పెట్టిన పేరు) పట్టుకుని వెతుక్కుంటుంది. ఆ లేబుల్ పొడుగ్గా ఉంటుంది, ఫ్యాట్‌లో లేబుల్ 11 అక్షరాలు మించదు. సాఫ్ట్‌వేర్ లేబుల్‌ను కుదించి, బూట్ మెనూ ఫైల్‌లో మాత్రం పాత లేబులే వదిలేస్తే అది ఎంత వెతికినా దొరకదు, చివరికి మీరు చెప్పిన షెల్‌లో వదిలేస్తుంది. ఫెడోరా వాళ్ళ మీడియా రైటర్‌తో గానీ డీడీ మోడ్‌లో గానీ మళ్ళీ రాయండి.

ప్రశ్న: వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండగా ఇవన్నీ ఎందుకు సార్? పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓలు కాపీ చేసుకుంటే చాలు కదా. - ఒక సర్వీస్ సెంటర్ టెక్నీషియన్, కర్నూలు

జవాబు: రోజూ రకరకాల సిస్టమ్‌లు బాగుచేసే మీకు వెంటాయే సౌకర్యం, కాదనను. 2020లో వచ్చింది, ఒకే పెన్‌డ్రైవ్‌లో విండోస్, లినక్స్ ఐఎస్‌ఓలు ఎన్నైనా వేసుకోవచ్చు, అది మధ్యలో నిలబడి ఆ ఐఎస్‌ఓనే డ్రైవ్‌లా చూపిస్తుంది. అయితే మధ్యలో ఒకరు ఉన్నారంటే, ఇన్‌స్టాల్ ఆగినప్పుడు తప్పు ఇమేజ్‌దా వెంటాయ్‌దా అని ఇంకో అనుమానం చేరుతుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో మొదటిసారి దాని కీ ఎన్‌రోల్ చేయాల్సి వస్తుంది, కస్టమర్ ల్యాప్‌టాప్‌లో అలా కీలు ఎక్కించే ముందు వాళ్ళకు ఒక మాట చెప్పడం మంచిది. ఒకే ఇమేజ్‌ను పది సిస్టమ్‌లకు ఎక్కించే పని అయితే నేను డీడీ మోడ్‌లో రాసిందే వాడతాను. డీవీడీ తప్ప వేరే దారి లేని సిస్టమ్ వస్తే వెంటాయ్ ఏమీ చేయలేదు. అక్కడ ప్లాప్ బూట్ మేనేజర్ అనే చిన్న ఇమేజ్‌ను సీడీలో రాసి ఉంచుకోండి, సీడీ నుంచి అది లేచి, బయోస్‌కు చేతకాకపోయినా పెన్‌డ్రైవ్‌ను తానే బూట్ చేయిస్తుంది, అన్ని సిస్టమ్‌లలో కాకపోయినా చాలా వాటిల్లో.